తీసేసిన వెలుగు

గాజు పలక మీద కంటికి ఆననంత పల్చగా బంగారం పూత వేసి, దాని మీద చుక్కలు చుక్కలుగా యాంటీబాడీలు అంటిస్తాం. పైన రక్తంలోంచి తీసిన సీరం పారిస్తాం. అడుగు నుంచి ఒకే ఒక్క కోణంలో ఎర్రటి కాంతి వేస్తే పూత దాన్ని మింగేసి నల్లబడుతుంది. ఒంట్లోని క్యాన్సర్ గడ్డ వదిలే ప్రొటీన్ వచ్చి అతుక్కున్న చుక్క మాత్రం కెమెరాలో వెలుగుతుంది. ఆ వెలుగును కొలవడమే నా పని.

పూత వేసేది మా బావ. అక్క మొగుడని చెప్పడం కాదు గానీ, ల్యాబు మొత్తంలో అంత పనితనం ఇంకెవరికీ లేదు. ప్రతి నెలా పోలిక కోసం ఆరోగ్యవంతుడి రక్తం కావాలంటే, "తుమ్మైనా రాని మనిషిని, తీసుకో" అంటూ ఆయనే చెయ్యి చాపేవాడు. రోగుల వెలుగులోంచి బావ వెలుగును తీసేసి, మిగిలిందే లెక్కలోకి తీసుకోవడం మా పద్ధతి.

మూడు నెలలుగా మా అంకెలు, అదే రోగులకు ఆసుపత్రి ఇచ్చే అంకెల కంటే తక్కువ వస్తున్నాయి. పైగా నెలనెలా ఆ తేడా పెరుగుతోంది. నేను బావ మీద విరుచుకుపడ్డాను.

"పూత సరిగ్గా లేదు బావా. మళ్ళీ వెయ్యి."

"నీ నోటికి బంగారం పూత పూసినా మంచి మాట రాదు కదే మరదలా!"

నవ్వుతూనే మళ్ళీ వేసేవాడు. ఈమధ్య పని మధ్యలో కుర్చీ లాక్కుని కూర్చుంటున్నాడు. బద్ధకం పెరిగిందని దెప్పాను కూడా. నా నోరు పడ!

మంగళవారం బావ సెలవు పెట్టాడు. పోలికకు నా రక్తమే వాడాను. రోగుల అంకెలన్నీ ఆసుపత్రి అంకెలతో అచ్చుగుద్దినట్టు సరిపోయాయి. ఎగిరి గంతేశాను. పూత అదే, కెమెరా అదే, మారింది రక్తం ఒక్కటే అని అప్పుడు తట్టింది.

ఫ్రిజ్‌లో మిగిలిన బావ సీరం తీసి, రోగుల వరుసలో పెట్టాను. చుక్కలు వెలిగాయి. పలక మార్చి మళ్ళీ చేశాను. మళ్ళీ వెలిగాయి. పాత బొమ్మలన్నీ తెరిచాను. మొదటి నెల మసగ్గా, రెండో నెల తెల్లగా, మూడో నెల కళ్ళు చెదిరేలా ఉంది బావ చుక్క. దాన్ని ప్రతిసారీ నేనే, నా చేత్తోనే తీసేశాను.

ఆ సాయంత్రమే బావను ఆసుపత్రికి లాక్కెళ్ళాను. మూడేళ్ళ నా కష్టం మట్టికొట్టుకుపోయినా సరే, యంత్రం తప్పని తేలితే చాలనుకున్నాను.

రెండు రోజులకు రిపోర్టు వచ్చింది. వాళ్ళ అంకె, మా అంకె ఒక్కటే. స్కానింగులో గడ్డ కనబడింది.

"ఇంకొంచెం ముందే వచ్చుంటే చిన్న ఆపరేషన్‌తో పోయేది" అంది డాక్టరమ్మ.

"మా మరదలు కనిపెట్టబట్టి ఇప్పటికైనా తెలిసింది" అన్నాడు బావ, గర్వంగా.

అక్క ఏడుస్తూ నా రెండు చేతులూ పట్టుకుంది. "నువ్వు లేకపోతే ఏమైపోయేవాళ్ళమే!"

"మూడు నెలల నుంచీ కనిపిస్తూనే ఉందక్కా" అన్నాను. "నేనే తీసేశాను."

అక్క నా చేతులు వదిలేసింది.