సమాధులేమీ లేవు

ఇడ్లీ పాత్ర పొయ్యి మీద పెట్టి, అవి ఉడికేలోపు యాభై సంతకాలు పెడతాను. కాగితం పైన ప్రభుత్వ చిహ్నం, దాని కింద నా పేరు, ‘శాసనసభ్యురాలు, తంగెడుపాడు నియోజకవర్గం’ అని. ఆ తర్వాతంతా తెల్లగా ఖాళీ. అడుగున నా సంతకం. మా పీఏ కోటేష్ ముందురోజు సాయంత్రమే ఆ కట్ట తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టిపోతాడు. మధ్యలో ఏం రాయాలో మా ఆయన వెంకటనారాయణ గారు చూసుకుంటారు. మొదట్లో ఒకసారి అడిగాను, ఏం రాస్తున్నారండీ అని. “ఏముంటాయే, పింఛనో, బదిలీయో, హాస్టల్ సీటో. ఒక్కోటీ చదివి వినిపించమంటావా? నీకు ఇంట్లో పని తక్కువైందా?” అన్నారు. పదకొండేళ్ళు బడిలో పాఠాలు చెప్పినదాన్ని. తండ్రి సంతకాన్ని పిల్లవాడే గీసేసిన ప్రోగ్రెస్ కార్డుని ఇట్టే పట్టేసేదాన్ని. అలాంటిదాన్ని చదవకుండా సంతకం పెట్టడం రెండేళ్ళలో బాగా నేర్చుకున్నాను. ఇప్పుడు చెయ్యి దానంతటదే పోతుంది, కళ్ళు పొయ్యి మీద ఉంటాయి.

మా ఆయనది మా కులం కాదు. ప్రేమించి చేసుకున్నారు, ఆ మాట కాదనను. పార్టీలో ఇరవై ఏళ్ళు తిరిగారు, జెండాలు కట్టారు, కేసులు పెట్టించుకున్నారు. కానీ మా నియోజకవర్గం ఎస్సీలకు రిజర్వు అయింది కాబట్టి ఆయనకు టికెట్ రాదు. ఇంట్లో నేనున్నానన్న సంగతి పోయిన ఎన్నికలప్పుడు ఎవరో గుర్తుచేశారట. మా అత్తగారు రాజ్యం గారు పెళ్ళయ్యాక తొమ్మిదేళ్ళు నన్ను వంటగది గడప తొక్కనివ్వలేదు. ఆవిడ మోకాళ్ళు అరిగాక వంటగది మొత్తం నాదయింది, అది వేరే సంగతి. అలాంటావిడ నామినేషన్ రోజున నా నుదుట స్వయంగా బొట్టు పెట్టి, “మా కోడలు ఎస్సీయేనండీ, పుట్టుకతోనే” అని టీవీ వాళ్ళకి గర్వంగా చెప్పింది. వంటింటికి పనికిరాని కులం అసెంబ్లీకి పనికొచ్చింది. నవ్వాలో ఏడవాలో తెలియక కెమెరా వంక చూస్తూ నిలబడ్డాను. పేపర్లో ఆ ఫోటో బాగానే పడింది.

గెలిచాక మా హాల్లోకి వచ్చేవాళ్ళు ఆయన్ని ‘ఎమ్మెల్యే గారు’ అంటారు, నన్ను ‘అమ్మగారు’ అంటారు. అసలు మాటలు మొదలయ్యే సమయానికి ఆయన నా వైపు తిరిగి, “నువ్వెళ్ళి టిఫిన్ల సంగతి చూడు” అంటారు. వెళ్ళి చూస్తాను. నా నియోజకవర్గంలో ఏం జరుగుతోందో నాకు చట్నీ వడ్డించేటప్పుడు చెవిన పడిన ముక్కలతోనే తెలుస్తుంది.

ఇవాళ అలా కూడా తెలియలేదు. ఏడున్నరకి పెరటి తలుపు కొట్టింది మా చిన్నమ్మ ప్రేమమ్మ. మా అమ్మకి చెల్లెలు. ముందు గుమ్మంలోంచి రావడం మానేసి రెండేళ్ళయింది, ఎవరూ రావద్దనలేదు, ఆవిడకే తెలిసిపోయింది. మిరపకోతలు నడుస్తున్నాయి, వేళ్ళు ఎర్రగా కంది ఉన్నాయి. ఆ చేతులు మొహానికి తగలకుండా మోచేత్తో చెమట తుడుచుకుంటూ, జాకెట్లోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసింది.

“మహిమా, ఇది నువ్వు రాసిందేనా అమ్మా?”

ఆ పేరుతో నన్ను పిలిచే మనిషి ఈ భూమ్మీద ఇక ఆవిడ ఒక్కతే. బడిలో మేష్టారు సుభద్ర అని రాశారు, సర్టిఫికెట్లలో అదే, ఓటింగు మిషను మీద అదే. కవర్లోంచి తీసి చూశాను. నా లెటర్‌హెడ్ జెరాక్సు. ‘ఏటిగడ్డపాలెం గ్రామమునందలి ప్రభుత్వ భూమి ఖాళీగా, నిరుపయోగముగా ఉన్నదనియు, అందు సమాధులేమీ లేవనియు నేను స్వయముగా పరిశీలించి తెలుసుకొంటిని. సదరు భూమిని కోల్డ్ స్టోరేజీకి దారి నిమిత్తము కేటాయించవలసినదిగా సిఫారసు చేయుచున్నాను.’ కింద నా సంతకం. ఎవరో గీసింది కాదు, నేను పెట్టిందే. ఏ రోజు ఇడ్లీలు ఉడుకుతుండగా పెట్టానో.

“పదకొండింటికి ఎమ్మార్వో వస్తున్నాడంట చూడ్డానికి. నువ్వే రాశావని మైకులో చెప్పారు. మనోళ్ళెవరూ నమ్మలేదే. ఎలీసమ్మ కూతురు ఎందుకు రాస్తదీ అన్నారు. నేనే, కనుక్కొస్తానని వచ్చా.”

కోల్డ్ స్టోరేజీ మా ఆయనా ఆయన స్నేహితులూ కట్టిస్తున్నది. ఆ ఖాళీ స్థలం మా వాళ్ళ సమాధుల దొడ్డి. అందులో మా అమ్మ ఉంది.

చిన్నమ్మకి కాఫీ ఇచ్చాను.

అమ్మ పోయినేడాది జూలైలో పోయింది. అప్పటికే నా మీద హైకోర్టులో పిటిషన్ ఉంది. ఓడిపోయినాయన వేశాడు, ఈవిడ క్రైస్తవురాలు, ఎస్సీ కాదు, ఎన్నిక చెల్లదు అని. అమ్మ పోయిన కబురు వచ్చేసరికి మా ఆయన పక్కన లాయరు కూర్చుని ఉన్నాడు. “వెళ్ళు, వెళ్ళొద్దనట్లేదు. కారు దిగొద్దు. పాస్టరు గారి పక్కన నిలబడి ఒక్క ఫోటో పడిందా, అయిపోయాం,” అన్నారు. కాలవ కట్ట మీద కారు ఆపించి, నల్ల అద్దాలు ఎత్తి, లోపల ఏసీలో కూర్చున్నాను. వాన పడుతోంది. అవతల గొడుగుల కింద మా వాళ్ళు పాట పాడుతున్నారని పెదాల కదలికను బట్టి తెలిసింది గానీ ఏ పాటో తెలియలేదు. గొడుగులు అడ్డం వచ్చి అమ్మని ఎక్కడ దించారో కూడా కనపడలేదు. నేలలో దించుతుంటే తల్లిని చూడని కూతుర్ని నేను. తర్వాత చిన్నమ్మ సిమెంటు కట్టించి పేరు రాయిస్తానంటే వద్దని నేనే కబురు పంపాను. శిలువా పేరూ ఉంటే సాక్ష్యం అవుతుందట. అలా అని మా ఆయన నాతో చెప్పారు, నేను చిన్నమ్మతో చెప్పాను. అమ్మ మీద ఉత్త మట్టే మిగిలింది.

హాల్లో పద్నాలుగు మందికి ఇడ్లీ పెట్టాను. ఇంకో రెండు వేసుకోండి అన్నాను. గడియారం ఎనిమిదిన్నర అయింది, తొమ్మిది దాటింది. జనం కొంచెం పలచబడ్డాక ఆయన్ని లోపలికి పిలిచి కాగితం చూపించాను.

“ఓ, ఇదా,” అన్నారు చూసీ చూడనట్టు. “దీన్నెవరిచ్చారు నీకు?”

“నేను స్వయంగా పరిశీలించానని రాశారు. అందులో మా అమ్మ ఉందండీ.”

“మెల్లగా మాట్లాడు. ఉంటే ఉంది, నేను కాదన్నానా? కానీ ఆ మాట అనడానికి నీకు లేదే. మా అమ్మ ఆ దొడ్లో ఉందని నువ్వు నోరు జారితే చాలు, వాళ్ళ లాయరు దాన్ని పట్టుకుని కోర్టుకి పరిగెడతాడు. సీటు పోతుంది. నీ ఇష్టం.” బుజ్జగించే గొంతుతో, “అయినా అక్కడ ఏం కనపడుతుంది చెప్పు? నేను చూశాగా. మట్టి,” అన్నారు.

ఆ మాటలో అబద్ధం లేదు. అందుకే నాకు అంత భయం వేసింది. కనపడకుండా చేసింది మేమే. సిమెంటు వద్దన్నది ఆయన, ఆ మాట మోసింది నేను. ఇప్పుడు కనపడట్లేదు కాబట్టి లేదు అని రాసిందీ ఆయన, కింద సంతకం పెట్టిందీ నేను. ఇద్దరం కలిసి ఎంత చక్కగా చేశాం.

“నీకు జ్వరమని కోటేష్ చేత ఎమ్మార్వోకి ఫోను చేయించాను. పడుకో కాసేపు. మధ్యాహ్నం పర్చూరు నుంచి ఎనిమిది మంది భోజనానికొస్తారు, చేపల పులుసు పెట్టు,” అని చొక్కా గుండీలు పెట్టుకుంటూ వెళ్ళిపోయారు.

జ్వరం వచ్చిందని నాకు నేనే చెప్పుకుంటూ మంచం మీద కూర్చున్నాను. వెళ్ళకపోతే ఏమవుతుందో తెలుసు. పదిహేను రోజుల్లో అక్కడ లారీలు తిరుగుతాయి. వెళితే ఏమవుతుందో అదీ తెలుసు. సీటు పోతుంది, ఇల్లు నరకమవుతుంది, బడి ఉద్యోగానికి ఎప్పుడో రాజీనామా రాయించారు, తిరిగి వెళ్ళడానికి లేదు. ‘నిన్ను మనిషిని చేశాం’ అని మా అత్తగారు పోయేదాకా అంటుంది. ఇన్ని లెక్కలు వేశాక కూడా లోపల ఒకటే మాట తిరుగుతోంది, నేను స్వయంగా పరిశీలించానని రాశారు, నేను స్వయంగా పరిశీలించానని రాశారు అని. రెండేళ్ళలో నా పేరు మీద నేను స్వయంగా చేసిన పని ఒక్కటైనా ఉందా అని వెతుక్కున్నాను. దొరకలేదు.

పదింటికి లేచి పెరట్లోకి వెళ్ళాను. చిన్నమ్మ ఇంకా అక్కడే గట్టు మీద కూర్చుని ఉంది.

“పోదాం పద,” అన్నాను.

గన్‌మన్ పీరు గేటు దగ్గర టీ గ్లాసు కింద పెట్టి లేచాడు. “మేడమ్, కారు సార్ తీసుకెళ్ళారు కదండీ. ఎక్కడికి?”

“ఆటో పిలువు. నువ్వు ముందు కూర్చో.”

ఏటిగడ్డపాలెం దారి పొడుగునా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఘాటుకి అందరం దగ్గుతూనే ఉన్నాం. ఫోను మోగింది, ఆయన. మళ్ళీ మోగింది. ఆరోసారి మోగాక సౌండు తీసేసి ఒళ్ళో పెట్టుకున్నాను. అది ఒళ్ళో వణుకుతూనే ఉంది. చిన్నమ్మ నా మోకాలి మీద చెయ్యి వెయ్యబోయి, మిరప మంట గుర్తొచ్చి వెనక్కి తీసుకుంది. ఆ చేతిని నేనే పట్టుకున్నాను.

సమాధుల దొడ్డి చదునుగా ఉంది. సిమెంటు కట్టిన నాలుగైదు ఉండేవట, పోయిన నెల పొక్లెయిన్ వచ్చి తుమ్మ చెట్లతో పాటు వాటినీ పెకలించుకుపోయింది. మా వాళ్ళు ఓ పాతిక మంది ఒక పక్కన నిలబడి ఉన్నారు. నన్ను చూసి ఎవరూ నమస్కారం పెట్టలేదు. మధ్యలో తహసీల్దారు, ఆయన పక్కన సర్వేయరు, విచారణని వీడియో తీస్తున్న ఆపరేటరు. కొంచెం అవతల మోటారు సైకిలుకి ఆనుకుని నల్లకోటు చేతి మీద వేసుకున్న మనిషి. పిటిషన్ వేసిన వాళ్ళ లాయరు. కోర్టులో ఒకసారి చూశాను. నన్ను చూడగానే ఫోను పైకెత్తాడు.

“మేడమ్, జ్వరం అన్నారే!” తహసీల్దారు మర్యాదగా అన్నాడు. “మీరు రావక్కర్లేదండీ. మీ లెటర్ ప్రకారమే పంచనామా రాసేస్తున్నాం. వీళ్ళని చూపించమంటే తలా ఒక చోటు చూపిస్తున్నారు. పేరున్న రాయి ఒక్కటి చూపించండయ్యా అంటే లేదు. నన్నేం చేయమంటారు చెప్పండి?”

నాకూ తెలియదు. అక్కడ నిలబడితే తెలిసింది, మా అమ్మ ఎక్కడుందో నాకు తెలియదని. ఇంత పెద్ద నియోజకవర్గంలో ఏ ఊరికి ఎన్ని ఓట్లో కోటేష్ నా చేత బట్టీ పట్టించాడు. అమ్మ చోటు మాత్రం తెలియదు. సిగ్గుతో మొహం మండిపోయింది. చిన్నమ్మ వైపు చూశాను.

చిన్నమ్మ చెప్పులు విడిచింది. పొక్లెయిన్‌కి లొంగని సర్వే రాయి దగ్గర మడమ ఆనించి, అడుగు వెనక అడుగు పెట్టుకుంటూ నడవడం మొదలుపెట్టింది. “ఇది పుల్లమ్మత్త. ఇది జక్రయ్య మామ. ఇది బెన్నీ పెద్ద పిల్ల, కామెర్లతో పోయింది...” అని పేర్లు చెబుతూ నడుస్తోంది. నేను కూడా చెప్పులు విడిచి ఆవిడ వెనకే నడిచాను. వీడియో కెమెరా మా వెంట తిరిగింది. లాయరు రెండడుగులు ముందుకు వచ్చాడు. చిన్నమ్మ ఆగింది. నోటితో ఏమీ చెప్పలేదు, చెప్పడం నాకు ప్రమాదమని ఆవిడకి తెలుసు. తల వంచి నేల వంక మాత్రం చూసింది. అక్కడ తహసీల్దారు నల్ల బూట్లు ఉన్నాయి.

ఇప్పుడైనా జ్వరమని చెప్పి వెనక్కి తిరగొచ్చు, ఎవరూ తప్పు పట్టరు. లాయరు ఫోను నా మొహానికి బారెడు దూరంలో ఉంది.

“చెప్పండి మేడమ్,” అన్నాడు తహసీల్దారు.

“కొంచెం పక్కకి జరగండి సార్,” అన్నాను. “మీరు నిలబడింది మా అమ్మ మీద.”