మిస్ ఒడెస్సా ఇంట్లో మొలిచే గదులు

ప్రతి శనివారం పొద్దున్నే రేణు డాలస్ పక్కన ఇర్వింగ్‌లోని ఆ పాత అపార్ట్‌మెంట్లకి డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళి, మిస్ ఒడెస్సాని కార్‌లో ఎక్కించుకుని ఇండియన్ స్టోర్‌కి తీసుకెళ్ళేది. ఇద్దరూ పక్కపక్కన నిలబడి బెండకాయల చివరలు విరిచి చూసేవాళ్ళు. ఆవిడ మొక్కజొన్న పిండిలో దొర్లించి వేయించేది, రేణు పులుసు పెట్టేది. ఇద్దరికీ లేత కాయలే కావాలి.

ఆ స్నేహం 2002 నాటిది. రేణు భర్త ఫణికుమార్‌కి ఉద్యోగం పోయి, అద్దె కట్టలేక, ఇద్దరూ సూట్‌కేసులతో పార్కింగ్‌లో నిలబడి ఉంటే, కింది వాటాలో ఉండే ఈ నల్లజాతి పెద్దావిడ తలుపు తీసింది. "లోపలికి రండి. వంటగది పక్కన మీ గది వచ్చేసింది," అంది. ముందురోజు అక్కడ ఉత్త గోడ. ఇప్పుడు మంచం, కిటికీ, దేవుడి పటాలకో గూడు. ఆవిడ ఇంట్లో అంతే. నిలవనీడ లేనివాళ్ళు వస్తే గది మొలిచేది, వాళ్ళు కుదురుకుని వెళ్ళిపోతే ముడుచుకుపోయేది. చుట్టుపక్కలవాళ్ళు "ఈసారి ఎవరొచ్చారు?" అని మాత్రం అడిగేవాళ్ళు.

తర్వాత ఫణికి ఒక రియల్ ఎస్టేట్ కంపెనీలో ఉద్యోగం దొరికింది. సొంత ఇల్లు కొనుక్కున్నారు. 2012లో ఆ కంపెనీయే ఈ అపార్ట్‌మెంట్లని కొంది. అన్నీ కూల్చి కొత్తవి కడతారట. అక్కడ ఉండేది ఎక్కువగా నల్లవాళ్ళు, మెక్సికన్లు. కూల్చడానికి అనుమతి ఇవ్వాలా వద్దా అని సిటీవాళ్ళు పెట్టే హియరింగ్‌కి అందరూ కలిసి వెళ్ళి అడ్డు చెప్పాలనుకున్నారు.

"నువ్వు వెళ్ళి చెప్పు రేణూ," అన్నాడు ఫణి. "కట్టడం అయిపోగానే అందరూ పాత అద్దెకే తిరిగి రావచ్చు. గొడవెందుకు?"

రేణు ప్రతి తలుపూ తట్టింది. వచ్చీరాని స్పానిష్‌లో కూడా చెప్పింది. "మీ ఆయన సంగతి నాకు తెలీదు. నువ్వు చెప్పావు, చాలు," అంది ఒడెస్సా. హియరింగ్‌కి ఎవరూ వెళ్ళలేదు.

ఒడెస్సా సౌత్ డాలస్‌లో చెల్లెలు మేబెల్ ఇంటికి మారింది. తన కోసం మాత్రం ఏ గదీ మొలవలేదు. ముందుగదిలో సోఫా మీదే పడుకునేది.

రెండేళ్ళకి కొత్త భవనం తెరిచారు. పాతవాళ్ళంతా చర్చికి వెళ్ళినట్టు మంచి బట్టలు కట్టుకుని వచ్చారు. కౌంటర్ దగ్గర అమ్మాయి నవ్వుతూనే చెప్పింది, అలాంటి ఒప్పందమేదీ లేదని. కొత్త అద్దె విని ఒక ముసలాయన అక్కడే కూలబడ్డాడు. ఒడెస్సా రేణు వైపు ఒక్కసారి చూసింది. టోపీ సర్దుకుని బస్‌స్టాప్ వైపు నడిచింది.

ఇంటికొచ్చి రేణు అడిగింది. "నీకు ముందే తెలుసా?"

ఫణి బూట్లు విప్పుకుంటున్నాడు. "కంపెనీ ఎవరికీ ప్రామిస్ చేయలేదు."

"మరి నాచేత ఎందుకు చెప్పించావు?"

"నేను చెబితే నమ్మరుగా." రిమోట్ అందుకున్నాడు. "అయినా మనం వాళ్ళలాంటివాళ్ళం కాదు రేణూ. వాళ్ళకి ఎక్కడో ఒకచోట దొరుకుతుందిలే."

ఆ మాట అతను ఎంత తేలిగ్గా అన్నాడంటే, రేణుకి ఏడుపు కూడా రాలేదు.

మర్నాడు సౌత్ డాలస్ వెళ్ళి తలుపు కొట్టింది. ఒడెస్సా తీసి, గుమ్మానికి అడ్డంగానే నిలబడింది.

"సారీ చెప్పడానికొచ్చావా?"

"సారీతో ఏమవుతుంది? జరిగిందంతా సిటీ మీటింగ్‌లో చెప్తాను. ఫణి పేరు కూడా చెప్తాను. మీరు పక్కన ఉంటారా అని అడగడానికొచ్చాను."

ఒడెస్సా జవాబు చెప్పేలోపే లోపల్నుంచి మేబెల్ కేకేసింది. "అక్కా! ఇక్కడేదో తలుపు వచ్చింది. ఎవరికోసం?"

ఇంకెవరొచ్చారా అని రేణు వెనక్కి తిరిగి చూసింది. వీధిలో ఎవరూ లేరు.

"నాకు ఇల్లుంది," అంది నెమ్మదిగా.

ఒడెస్సా పక్కకి జరిగి దారిచ్చింది. కొత్త గదిలో ఒక్కరికి సరిపడే మంచం ఉంది. రేణు దాని అంచున కూర్చుంది.

"దుప్పట్లు బీరువాలో ఉన్నాయి," అంది ఒడెస్సా గుమ్మంలోంచే. "నువ్వే పరుచుకో. నా కోపం ఇంకా తగ్గలేదు."