హనుమండ్లు గైర్హాజరు

'నేరస్తుల పాలిట సింహస్వప్నం' అని రాయించారు ఫ్లెక్సీ మీద. దాని కింద హెడ్ కానిస్టేబుల్ హనుమండ్లు ఫోటో. సింహమట సింహం! ఏఎస్సై కరుణాకర్‌కు ఒళ్ళు మండిపోయింది. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఒక్క దొంగనైనా గట్టిగా గద్దించని మనిషిని పట్టుకుని ఏం రాతలివి? చచ్చిపోయాడు, ఇక లేచి వచ్చి అడగడు కదా అని ఏదైనా రాసెయ్యొచ్చా?

సరే, ఫ్లెక్సీ రాతలు పోతే పోయె. అసలు మంట వేరే ఉంది. పదకొండు రోజుల కింద పత్తి మార్కెట్ గేటు దగ్గర బందోబస్తులో ఉండి, గుండె ఆగి చనిపోయిన హనుమండ్లు, ఠాణా రికార్డు ప్రకారం ఆ టైముకు డ్యూటీలోనే లేడు. 'గైర్హాజరు' అని ఉంది. అందుకే ఆయన సొంతూరు లక్సెట్టిపేటలో పాడె లేచినప్పుడు గౌరవంగా ఒక్క తుపాకీ పేలలేదు, ఒక్క పెద్దాఫీసరూ అటు తొంగిచూడలేదు. అలాంటి రికార్డును బీరువాలో దాచుకుని, ఠాణా ముందర షామియానా వేసి, 'కర్తవ్యమే ప్రాణంగా బతికిన మహనీయుడు' అని మైకులో చదువుతున్నాడు సీఐ విద్యాధర్. సిగ్గుండాలె, అని పళ్ళు నూరుకున్నాడు కరుణాకర్. ఆ సిగ్గు తనకూ ఉండాలని ఆయనకు తెలుసు. తెలుసు కాబట్టే ఇంకా ఎక్కువ మండుతోంది.

ఎందుకంటే ఆ 'గైర్హాజరు' రాసింది ఆయనే.

బందోబస్తులో ఒక్కొక్కరికి ఒక్కో పాయింట్ ఇస్తారు. కదలకుండా అక్కడే నిలబడాలి. ఒకచోట నిలబడడం హనుమండ్లు వల్ల అయ్యే పని కాదు. ఎవరి బండి కూరుకుపోయినా నెట్టడానికి పోయేవాడు, ఎవరి నెత్తికి మూట ఎత్తాలన్నా పోయేవాడు. పాయింట్లు చూసుకుంటూ తిరిగే కరుణాకర్ చెకింగ్ బుక్కులో పెన్సిల్‌తో 'గైర్హాజరు' అని గీకి ముందుకు పోయేవాడు. సాయంత్రం హనుమండ్లు వచ్చి, "ఏం సారూ, మల్ల లేకుంట చేసినవా నన్ను? మొన్న బతుకమ్మ కాడ గూడ గిట్లనే లేపేస్తివి!" అని తిట్టుకుంటూ మిర్చి బజ్జీలు, చాయ్ తెప్పించేవాడు. అవి తిని, మూతి తుడుచుకుని, పెన్సిల్ రాత చెరిపేసి, పెన్నుతో 'హాజరు' అని రాసి సంతకం పెట్టేవాడు కరుణాకర్. పంతొమ్మిదేళ్ళ పరాచికం అది. ఠాణాలో పాతవాళ్ళందరికీ తెలుసు.

ఆ రోజూ అంతే. గేటు బయట పత్తి ట్రాక్టర్లు బారులు తీరాయి. ఎండకు కళ్ళు తిరిగి భూమవ్వ అనే ముసలి రైతు కింద పడితే, హనుమండ్లు ఆమెను నీడకు మోసుకుపోయి నీళ్ళు తాగిస్తున్నాడు. గేటుకు ఇరవై అడుగుల దూరం. కరుణాకర్ కళ్ళారా చూశాడు. చూసి, నవ్వుకుని, పెన్సిల్ తీశాడు. పావుగంట గడవకముందే హనుమండ్లు అక్కడే కుప్పకూలాడు. కరుణాకర్ ఆస్పత్రిలో పరుగులు పెడుతుండగా, రిపోర్టు సాయంత్రంలోగా పైకి పోవాలని, కొత్తగా వచ్చిన స్టేషన్ రైటర్ ఆ పెన్సిల్ రాతను ఉన్నదున్నట్టు ఎక్కించాడు. సీఐ చదవకుండానే సంతకం గీకాడు.

మర్నాడు కరుణాకర్ వెళ్ళి మొత్తుకున్నాడు. "సార్, గది తప్పు. ఆయన గేటు కాడనే ఉండె."

"పైకి పోయిన రిపోర్టు ఎట్ల మారుస్తం కరుణాకర్? తప్పు రాసిన అని నువ్వు కాయిదం ఇస్తవా మరి? ఇస్తే చార్జి మెమో నీకే వస్తది. వచ్చే నెల ఎస్సై ప్రమోషన్ లిస్టుల నీ పేరుంది. ఆలోచించుకో. పోయినోడు ఎట్లాగూ పోయిండు," అన్నాడు విద్యాధర్.

ఆ ఆఖరి మాటకు మేజా తన్నేసి రావాలనిపించింది. తన్నలేదు. సెల్యూట్ కొట్టి బయటికి వచ్చాడు. ఆ పూటే కాయితం రాశాడు, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. అది జేబు దాటలేదు. ఇవాళ సభకు వచ్చిన హనుమండ్లు భార్య జమున, ఫోటోకు దండ వేయకముందే కరుణాకర్‌ను పక్కకు పిలిచి అడిగింది. "తమ్మీ, మా ఆయన పాయింట్ ఇడిసిపెట్టి ఉరికిండని మా వాడకట్టుల అంటున్నరు. నిజమేనా?"

"ఎవడన్నడు వదినా?" అని ఎగిరి, జేబు తడుముకుంటూ పోయి కుర్చీలో కూర్చున్నాడు.

"ఇప్పుడు కరుణాకర్ రెండు మాటలు మాట్లాడతారు," అంది మైకు. ఆయన లేచాడు.

"సింహస్వప్నం అని రాసిండ్రు. మీకు ఉట్నూర్ ముచ్చట చెప్త," అన్నాడు. "కోళ్ళ దొంగను పట్టుకుని జీపుల తెస్తున్నం. గుట్ట మీద బండి ఆగిపోయింది. మా హనుమండ్లన్న స్టీరింగ్ కాడ కూసున్నడు. నేను, దొంగ నెట్టినం. బండి షురువైంది. నేను ఎగిరి ఎక్కిన. ఇగ సంబురంల దొంగను మర్చిపోయి ఠాణాకు వచ్చినం! పరేషాన్ అయి అడవంత దేవులాడి పొద్దుగూకినంక వాపస్ వస్తే, వాడు ఠాణా మెట్ల మీద కూసున్నడు. 'ఏంది సార్, నన్ను ఇడిసిపెట్టి వస్తిరి? నాలుగు కోసులు నడిచిన' అని మా మీదనే గరమైండు. అన్న వానికి అన్నం పెట్టించి, తప్పైంది బిడ్డా అన్నడు."

షామియానా మొత్తం ఘొల్లుమంది. జమున కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. విద్యాధర్ కూడా నవ్వాడు. ఆ నవ్వు చూసేసరికి కరుణాకర్‌కు తిక్క రేగింది.

"నవ్వకుండ్రి సార్! గసొంటి మనిషిని మనం గైర్హాజరు అని రాసినం. మనం గాదు, నేను రాసిన. ఆయన భూమవ్వకు నీళ్ళు తాపుతుంటె నా కండ్లతోని చూసి, మజాక్‌కు రాసిన. గది అబద్ధం. ఇగో, నా సంతకంతోని కాయిదం. తీసుకోండి."

"ఇక్కడ కాదు కరుణాకర్, ఆఫీసులో మాట్లాడుదాం," అన్నాడు విద్యాధర్ గొంతు తగ్గించి.

"లోపల చానా మాట్లాడినం. గీడనే తీసుకోండి. మెమో గూడ గీడనే ఇయ్యుండ్రి, నాకేం ఫికర్ లేదు!"

అంతమంది చూస్తుండగా విద్యాధర్ కాయితం అందుకోక తప్పలేదు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. కరుణాకర్ ఛాతీ కొంచెం పొంగింది. అప్పుడు జమున లేచి వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది. నవ్వు ఎప్పుడో పోయింది.

"గా కాయిదం ఎన్నడు రాసినవ్ తమ్మీ?"

"ఆయన పోయిన మర్నాడే, వదినా."

"మర్నాడే రాసినవ్. ఊరంత ఆయనను ఉరికినోడు అంటుంటె ఇన్నొద్దులు జేబుల పెట్టుకుని తిరిగినవ్. నీ నౌకరి చూసుకున్నవా?"

చప్పట్లు ఆగిపోయాయి. చెప్పడానికి కరుణాకర్ దగ్గర చాలా ఉన్నాయి: పిల్లల చదువులు, లిస్టు, సీఐ మాటలు.

"చూసుకున్న వదినా," అన్నాడు.

జమున చెయ్యి చాచి, "ఇంకోటి రాసి నా చేతికియ్యి. గీళ్ళ బీరువల పడితే మల్ల బయటికి రాదు," అంది. రైటర్ కాయితం తెచ్చి ఇచ్చాడు. అందరి ముందు, మైకు పక్కనున్న మేజా మీద వంగి, కరుణాకర్ మళ్ళీ మొదటి నుంచి రాయడం మొదలుపెట్టాడు. ఆయన రాసినంతసేపూ ఆమె అక్కడే నిలబడి ఉంది.