డెల్కో మీద చెయ్యి

అనకాపల్లిలో బండి ఏదైనా దాని ఇంజనులో నిప్పు పడే టైమింగుని చెవితో పట్టగల మనిషి సత్తియ్య మేస్త్రీ అని పేరు. పొడుగాటి స్క్రూడ్రైవరు కొన ఇంజనుకీ, పిడి తన చెవికీ ఆనించి కళ్లు మూసుకున్నాడంటే, లోపల ఏ ముక్క అలిగిందో చెప్పేసేవాడు. టైమింగు చూపించే లైటు కొనుక్కోమని ఎవరైనా అంటే, అది సెవుల్లేనోడికి అని నవ్వేవాడు.

ఆ చెవే ఇప్పుడు మందగించింది. లావు చప్పుళ్లు బాగానే వినపడుతున్నాయి, సన్నవి జారిపోతున్నాయి. ఓ పూట పప్పు మాడిపోతే పెళ్లాం కాసులమ్మ, "కుక్కరు కూతే ఇనపడనోడికి ఇంజను కూత ఏటినపడతాది" అంది. సత్తియ్య కంచం ముందునుంచి లేచిపోయాడు. షెడ్డులో మాత్రం ఎదుటివాడి మొహం చూసి నెట్టుకొచ్చేస్తున్నాడు. కనుబొమలు ముడిపడితే చప్పుడు ఉన్నట్టు, విడితే పోయినట్టు.

అలాంటి రోజుల్లో వచ్చింది పళ్ల డాక్టరు లోహిత్ కారు. వాళ్ల తాత బెల్లం వ్యాపారం జోరుగా నడిచినప్పుడు కొన్న విదేశీ స్పోర్ట్సు కారు. టాపు లేదు, సీట్లు రెండే. సొంత ఇంజను పట్టేసింది, దాని సామాన్లు ఎక్కడా దొరకవు. పాయకరావుపేటలో షెడ్డు నడిపే త్రినాథు అందులో పాత పెట్రోలు జీపు ఇంజను కూర్చోబెట్టాడు. త్రినాథు కాసులమ్మ తమ్ముడు, పని నేర్చింది సత్తియ్య దగ్గరే. ఇంజనైతే కూర్చుంది గానీ, ముందున్న పుల్లీ ఇంకో బండిది. దాని మీద టైమింగు గీతని నమ్మడానికి లేదు. లైటు పట్టుకుంటే గీత కనపడుతుంది తప్ప నిజం కనపడదనీ, దీనికి మా బావ చెవే దిక్కనీ చెప్పి డాక్టర్ని పంపించాడు.

సత్తియ్య డెల్కో బోల్టు వదులు చేశాడు. డెల్కో అంటే ప్లగ్గులకి నిప్పు పంచే డబ్బా. వెంట్రుకవాసి అటు తిప్పితే నిప్పు ముందుగా పడుతుంది, ఇటు తిప్పితే ఆలస్యమవుతుంది. మరీ ముందుగా పడితే, యాక్సిలేటరు తొక్కగానే మూకుట్లో శనగలు వేగినట్టు చిటపటమంటుంది. ఆ సన్నటి చప్పుడు పట్టుకోవడంలోనే ఉంది విద్యంతా. సత్తియ్యకి చిటపట వినపళ్లేదు. లేదనుకున్నాడు. కాదు, లేకపోతే బాగుణ్ణనుకున్నాడు. డాక్టరు మొహం చూద్దామంటే ఆయన ఫోనులో మునిగి ఉన్నాడు. బోల్టు బిగించేసి, పట్టులాగుంది ఎల్లండి బాబూ అని పంపేశాడు.

గొలుగొండ అవతల ఎత్తు ఎక్కుతుండగా కారు చిటపటలాడి, కాగిపోయి, ఆగిపోయింది. తాడు కట్టి షెడ్డుకి లాక్కొచ్చారు.

అప్పుడైనా ఒప్పుకోవలసింది. రోడ్డుకి అవతల అప్పలరమణ టీ బడ్డీ దగ్గర, పదిమందిలో, "ఇంజనే అడ్డదిడ్డంగా కూకోబెట్టేడు మా బామ్మర్ది. టైమింగేటి సేత్తాది" అనేశాడు. ఆ మాట బస్సు కంటే ముందే పాయకరావుపేట చేరింది.

ఆదివారం త్రినాథు వచ్చాడు. ఏం అడిగితే ఏం చెప్పాలో సత్తియ్య కూడబెట్టుకునే ఉన్నాడు. అతనేమీ అడగలేదు. అక్క ఇచ్చిన టీ తాగి, ఓసారి ఇద్దరం కలిసి చూద్దాం బావా అన్నాడు, అంతే. డాక్టర్ని పిలిపించి, సీట్లో కూర్చోబెట్టి యాక్సిలేటరు తొక్కి వదులుతూ ఉండమన్నాడు. ఇద్దరూ ఇంజను మీదికి వంగారు. సత్తియ్య అలవాటుకొద్దీ డెల్కో మీద అరచెయ్యి వేశాడు. త్రినాథు బోల్టు వదులు చేసి, డెల్కోని కిందనుంచి పట్టుకుని, తొక్కినప్పుడల్లా కాస్త కాస్త వెనక్కి తిప్పాడు. సత్తియ్య కళ్లు బామ్మర్ది మొహం మీదే ఉన్నాయి. ఆ మొహం ముడి విడలేదు.

త్రినాథు చెయ్యి ఆపి, "ఎలాగుంది బావా?" అన్నాడు.

"ఇంకా కొడతంది."

త్రినాథు తలెత్తి చూశాడు. ఆ చూపుతో సత్తియ్యకి తెలిసిపోయింది, చిటపట ఎప్పుడో పోయిందని. నాలిక కరుచుకుందామన్నా మాట దాటిపోయింది.

"ఔను బావా. రవ్వంత ఉంది."

త్రినాథు మళ్లీ వంగి, భుజం బిగించి, ఊపిరి బిగబట్టి తిప్పాడు. సత్తియ్య అరచేతి కింద డెల్కో నూలుపోగంతైనా కదల్లేదు. త్రినాథు తిప్పినట్టు నటించి, బోల్టు బిగించి, ఇప్పుడు సరిపోయిందా బావా అని అడిగాడు. సత్తియ్య తలూపాడు. తిట్టినా పడేవాడు, పదిమందిలో కడిగేసినా పడేవాడు. ఇది ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

డాక్టరు ఓ చుట్టు తిరిగొచ్చి, కారు వెన్నలా పోతోందన్నాడు. ఆఖరికి మేస్త్రీగారి చెవే కావలసొచ్చింది చూశారా, మీ ఫిట్టింగులోనే ఏదో తేడా ఉన్నట్టుంది అని త్రినాథుతో అన్నాడు. త్రినాథు చేతులు తుడుచుకుంటూ, ఉండే ఉంటాది బాబూ అన్నాడు.

"ఫిట్టింగులో తేడా ఏటీ లేదు బాబూ," అన్నాడు సత్తియ్య. "తేడా నా సెవిలో ఉంది. సన్న సప్పుడు ఇనపడ్డం లేదు."

డాక్టరు నవ్వేశాడు. "బామ్మర్దిని ఇంతలా వెనకేసుకొస్తారా మేస్త్రీగారూ" అని, హారను కొట్టుకుంటూ వెళ్లిపోయాడు. నిజం చెప్పినా అది తన మంచితనంగానే చెల్లిపోయింది.

వదిలేయ్ బావా, అన్నం తిందాం రా అని త్రినాథు చెయ్యి పట్టుకున్నాడు. సత్తియ్య చెయ్యి విడిపించుకుని రోడ్డు దాటాడు. వెనకనుంచి బామ్మర్ది పిలుస్తున్నాడో లేదో అతనికి తెలీదు.

బడ్డీ దగ్గర, ఆవేళ ఆ మాట విన్నవాళ్లలో సగం మంది ఉన్నారు. త్రినాథు పనిలో వంక లేదని, అబద్ధమాడింది తానేనని, తన చెవి పోయిందని నిలబడి చెప్పాడు. గొంతు ఎంత గట్టిగా వచ్చిందో గానీ, బస్సు కోసం చూస్తున్న ఆడవాళ్లు కూడా వెనక్కి తిరిగారు. అప్పలరమణ స్టవ్వు వైపు తిరిగే ఏదో అన్నాడు. అందరూ నవ్వారు.

ఇన్నాళ్లూ ఇలాంటప్పుడు తనూ నవ్వేసేవాడు. నవ్వులో నవ్వు కలిసిపోతే ఎవరికీ అనుమానం రాదు. ఇప్పుడూ పెదవులు కదలబోయాయి. ఆపుకుని, బల్ల మీద చెయ్యి ఆనించి ముందుకి వంగాడు.

"ఏటన్నావు రవణా? నాకు ఇనపళ్లేదు. ఇటు తిరిగి సెప్పు."