మింగని పురుగు

బహ్రెయిన్‌లో హమద్ టౌన్ దాటాక మా కఫీల్‌కు, అంటే మాకు వీసా ఇచ్చిన యజమానికి, ఒక తోట ఉంది. అందులో సగం పశువుల మేతగడ్డే. మడి కోయడం, కోసిన మడికి ఆ సాయంత్రమే నీళ్లు పెట్టడం, ఇదీ పని. నీళ్లు ఆలస్యమైతే ఇక్కడి ఎండకు చిగురు మాడిపోతుంది. ఆ పని చేసేది నేనూ ముత్తన్నా. ఇద్దరిదీ జగిత్యాల వైపే. ఆయన నాకంటే పెద్దవాడు, నాకంటే మంచివాడు కూడా. ఆ రెండోదానితోనే నాకు చిక్కు.

ఆ గడ్డిలో ఒక పిట్ట ఉంటుంది. పుస్తకాల్లో భరతపక్షి అంటారట, మేం కుచ్చుపిట్ట అనేవాళ్లం. ఒళ్లంతా మట్టిరంగు, నెత్తిమీద చిన్న కుచ్చు. పిచ్చుకలా గెంతదు, మనలాగే నడుస్తుంది. నీళ్ల పైపు మీద కూర్చుని పాట ఎత్తుకుందంటే పంపు మోతను కూడా లెక్కచేయదు. ఇంత గొంతున్న పిట్ట ఏ ఖర్జూరం చెట్టు మీదో గూడు కట్టుకోవచ్చు కదా? కట్టదు. గడ్డిదుబ్బు మొదట్లో నేల గీకి, కాసిని ఎండుపుల్లలు పరిచి, అందులోనే గుడ్లు పెడుతుంది. దాని తెలివి మీద నాకు ఎప్పుడూ నమ్మకం లేదు.

మార్చిలో అలాంటి గూడొకటి ఉన్న సంగతి తెలియక నీళ్లు వదిలాం. మునిగిన పిల్లల్ని ముత్తన్న అరచేతిలో పెట్టుకుని చాలాసేపు గట్టు మీద కూర్చున్నాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. ఇంటికి ఫోన్ చేసి భార్యకు, అంజవ్వ వదినకు, కూడా చెప్పుకున్నాడు. దుబాయి పోయి పిట్టలకు ఏడుస్తున్నవా అని ఆమె నవ్విందట; మా ఊళ్లలో గల్ఫ్ అంతా దుబాయే. నేనూ నవ్వాను.

మేలో మరో మడిలో రెండో గూడు కనబడింది, అందులో మూడు పిల్లలు. ఈసారి వీటిని బతికించుకోవాలని ముత్తన్న పంతం పట్టాడు. రోజూ పని మధ్యలో వెళ్లి చూసేవాడు. ఎండ ముదిరితే తల్లి పిల్లల మీద రెక్కలు విప్పి, నోరు తెరిచి రొప్పుతూ నిలబడేది. జోడీ పిట్ట పురుగులు తెచ్చేది.

కోత వచ్చింది. మా ఊళ్లలో కోతలో గూడు కనబడితే చుట్టూ పైరు వదిలేస్తారు. ముత్తన్న అలాగే దుబ్బు వదిలి, నీళ్లు పారకుండా చుట్టూ మట్టికట్ట కూడా వేశాడు. ఇల్లయితే అయింది, గృహప్రవేశం ఎప్పుడని నేను ఎకసెక్కాలాడాను.

సాయంత్రం మా తోటకు నీళ్ల వంతు. ఒకసారి గూడు చూసొస్తానని వెళ్లిన ముత్తన్న వెంటనే తిరిగొచ్చాడు. గూట్లో ఏమీ లేదు. మధ్యాహ్నమంతా ఆ కోసిన మడిలో కాకులు తిరిగిన మాట నిజమే.

"దుబ్బు ఇడిచిపెట్టి నేనే కాకికి జాగ చూపెట్టిన తమ్మీ," అన్నాడు. "ఇంకేమున్నది, నీళ్లిడువు."

నాకు ఒళ్లు మండింది. కాకి మీదో, ఈయన మంచితనం మీదో చెప్పలేను. వాల్వు గట్టిగా తిప్పాను. నీళ్లు కాలువలో పడ్డాయి.

అప్పుడే తల్లి దిగింది. కోసిన మొదళ్ల మధ్య గబగబా నడిచింది. ముక్కున ఒక పచ్చపురుగు ఉంది. మమ్మల్ని చూసి ఆగింది, మళ్లీ నడిచింది. ఖాళీ గూటివైపు తల కూడా తిప్పలేదు, నేరుగా మడి చివరి మూలకు పోతోంది. నాకు పిట్టల సంగతి తెలియదు కానీ ఆకలి సంగతి తెలుసు. తనకోసమే అయితే దొరికినచోటే మింగేది.

"అన్నా, దాని నోట్ల పురుగు చూడు. మింగుతలేదు."

ముత్తన్న చూశాడు. నేను వాల్వు కట్టేలోపే కాలువలో ఉన్న నీళ్లు మడిలోకి దారి తీశాయి. ఆయన పరుగెత్తి, పార కోసం వెతక్కుండా, కాలువ నుంచి మడిలోకి నీళ్లు పారే గండిలో అడ్డంగా కూర్చున్నాడు. వీపుతో నీళ్లను ఆపుతూ రెండు చేతులా మట్టి లాక్కున్నాడు. నేను మూలకు వెళ్లాను. మొదట మట్టిపెళ్లలే అనుకున్నాను. వాటిలో ఒకటి నోరు తెరిచింది. మూడూ ఉన్నాయి. ఇంకా ఎగరడం రాదు. ఎగరడం రాకముందే ఇవి గూడు వదిలి నడిచిపోతాయని మాకేం తెలుసు? మేం కట్ట వేసింది ఖాళీ ఇంటికి.

ఆ వంతు ఆ మడికి నీళ్లు పెట్టలేదు. చిగురు చాలావరకు మాడింది, కఫీల్ తిట్టాడు. ముత్తన్న బురద బట్టలు ఉతుక్కుంటూ విన్నాడు. తర్వాతి వంతుకు పిల్లలు పక్క మడి గడ్డిలో చేరాయి. ఇంకొన్నాళ్లకు పైపు మీదికి ఎగిరాయి.

ముత్తన్న అంజవ్వ వదినకు ఫోన్ చేసి, పిల్లలు ఎగిరాయని మొదలుపెట్టి సంగతంతా చెప్పాడు. స్పీకర్ పెట్టాడు కాబట్టి నేనూ విన్నాను. ఈసారి ఆమె నవ్వలేదు.

"మరి ఆ తల్లి ఎప్పుడు తిన్నది?" అని అడిగింది.

ముత్తన్న నా వైపు చూశాడు. ఇన్నాళ్లూ ఆ మడిలోనే ఉన్నాం. మేమిద్దరం అది చూడనే లేదు.