పాత గీజరు, పుల్లయ్య పంచె

మొగుడు పుల్లయ్య పోయి రెండు నెలలైనా మణెమ్మ ఏడవలేదు. చాకిరేవులో ఆడవాళ్ళు ముందు జాలిపడ్డారు, తర్వాత గుసగుసలాడారు, చివరికి విసుగొచ్చి ఊరుకున్నారు. ఆమె మాత్రం రోజూ తెల్లారేసరికి బందరు కాలువలో మోకాళ్ళ లోతున దిగి బట్టలు బాదుతూనే ఉంది. నీళ్ళు చల్లగా ఉన్నాయో లేదో కూడా ఆమెకు తెలిసేది కాదు.

ఇంట్లో చిలక్కొయ్యకు పుల్లయ్య పంచె వేలాడుతోంది. జ్వరంతో మంచాన పడే ముందురోజు అతను విప్పి తగిలించినది, చెమట వాసనతో అలాగే ఉంది. పేటలో ఎవరు పోయినా వాళ్ళ బట్టలు చాకలింటికే వస్తాయి. చాకలే పోతే అతని బట్టలు ఎక్కడికి పోవాలో ఎవరూ చెప్పలేదు. అందుకని ఆమె దాన్ని ఉతకనూ లేదు, ఎవరికీ ఇవ్వనూ లేదు.

ఆ ఇంటికి ఆధారం ప్రసూతి ఆసుపత్రి దుప్పట్లు. కొత్తగా వచ్చిన డాక్టరమ్మ, ప్రతి దుప్పటీ మరిగే నీళ్ళలో అరగంట ఉడకాల్సిందేనని కచ్చితంగా చెప్పింది. మణెమ్మ ఇంట్లో బట్టలుడికించే మట్టిబానేమో పుల్లయ్య పోయిన వారానికే పగిలింది, కొత్తది కొనాలన్న ఆలోచనే ఆమెకు రాలేదు. ఆసుపత్రి పెరట్లో పాడై పడున్న పెద్ద గీజరును నర్సు సువార్తమ్మ చూపించి, దీన్నేమైనా చేసుకొమ్మంది.

మణెమ్మ దాన్ని రిక్షాలో వేసుకుని శౌరయ్య దగ్గరికి తెచ్చింది. శౌరయ్య పుల్లయ్య స్నేహితుడు. మొన్నటి రైల్వే సమ్మెలో ఉద్యోగం పోగొట్టుకుని ఇంటి ముందే వెల్డింగు పని పెట్టుకున్నాడు. ఉద్యోగం పోయింది గాని నోరు పోలేదు. లోపలి ఇనప పీపా బయటికి లాగి, పైభాగం చుట్టూ కోసేసి, కాలిపోయిన కాయిలు పీకి, ఆ కంతకు రేకు బిళ్ళ అతికాడు. ఇన్నాళ్ళూ కరెంటు తిని బలిసింది, ఇకమీదట పుల్లలు తిని బతకాలి అని దాన్ని వెక్కిరించాడు. ఈ మాటకు పుల్లయ్య అయితే కడుపు పట్టుకుని నవ్వేవాడని మణెమ్మకు తోచింది. అది కూడా పక్కింటివాళ్ళ సంగతిలా తోచి దాటిపోయింది.

మూడు రాళ్ళమీద పీపా నిలబెట్టి, బట్టల సోడా వేసి మొదటి వాయ ఉడికించింది. తీసి ఆరేస్తే, అతుక్కి ఆనిన ప్రతి దుప్పటి మీదా తుప్పు చార. పుల్లయ్య ఎప్పుడూ బాన లోపల చుట్టూరా పాత గుడ్డ పరిచి, ఆ తర్వాతే జనం బట్టలు పేర్చేవాడు. ఇరవై ఏళ్ళు పక్కనే నిలబడి చూసిన పని అది. అదే మరిచిపోయింది మహాతల్లి.

నిమ్మకాయా ఉప్పూ రుద్ది రోజంతా ఎండలో తంటాలు పడితే సగం మరకలు పోయాయి. సువార్తమ్మ మంచిదే గాని ఆసుపత్రి ఆమెది కాదు.

"ఈసారికి నేను సర్దుతాలే మణెమ్మా. రేపు కూడా ఇట్టాగే తెస్తే ఇంకోళ్ళకి ఇచ్చేస్తారు. అప్పుడు నా మాట సాగదు" అంది.

ఆ పని పోతే తిండి సంగతి అటుంచి, చేతులు ఆగిపోతాయి. ఆగితే ఏమవుతుందోనని మణెమ్మకు మొదటిసారి భయమేసింది.

శౌరయ్య వచ్చి చూసి, సిగ్గుపడి, "లోపల అతుకంతా మూసుకునేట్టు మందంగా గుడ్డ చుట్టు చెల్లెమ్మా" అన్నాడు.

ఇంటి నిండా గుడ్డలే, అన్నీ ఊరివాళ్ళవి. తనవి రెండు చీరలు, రెండూ రంగు దిగేవే. చివరికి మిగిలింది చిలక్కొయ్యకున్న తెల్లటి నేత పంచె. దాన్ని తీసి ఒక్కసారి ముఖానికి ఆనించుకుని, మడతలు పెట్టి పీపా లోపల చుట్టూ పరిచింది. మీద దుప్పట్లు పేర్చి మంట వేసింది.

దుప్పట్లు మల్లెపూవుల్లా వచ్చాయి. సువార్తమ్మ ఒక్కొక్కటీ విప్పి చూసి, పై వారం మూటలు కూడా ఇచ్చి పంపింది.

పంచెకు మాత్రం నడుమ తుప్పు చార పడింది. చెమట వాసన లేదు, సోడా వాసన వేస్తోంది. మణెమ్మ దాన్ని కాలువకు తీసుకెళ్ళి బండ ముందు ఎత్తింది. ఎత్తిన చేతులు దిగలేదు. పక్కబండ దగ్గరి ఆమె, ఏమిటలా నిలబడ్డావని అడిగింది.

"మా ఆయనదే. రేపు మళ్ళీ పనిలోకి దిగాలి, కొడితే చిరుగుద్దేమో..."

పంచెను గుండెలకు అదుముకుని మణెమ్మ నీళ్ళలోనే కూలబడి ఏడ్చింది. నీళ్ళు చాలా చల్లగా ఉన్నాయి.