దొంగకొమ్మ

మా వీధిలో ఎవరి గులాబీకి ఏ రోగం వచ్చినా ముందు నా దగ్గరికే వస్తారు. ఇది గొప్పలు చెప్పుకోవడం కాదు. సరే, గొప్పలే అనుకోండి, ఉన్న గొప్ప చెప్పుకుంటే తప్పేముంది? మా డాబా మీద నలభై రెండు కుండీలున్నాయి. ముప్ఫై ఏళ్లుగా రోజూ పొద్దున్నే మట్టిలోకి రెండో కణుపు దాకా వేలు గుచ్చి చూసి, తడి తగలకపోతేనే నీళ్లు పోస్తాను. అదీ చెట్టు మొదట్లోనే, ఆకు మీద చుక్క పడకుండా. పైపు పట్టుకుని చెట్టంతా తడిపేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

నావన్నీ అంటుమొక్కలే. కింద అడవి గులాబీ వేరు, పైన మంచి జాతి కన్ను, అంటే ఆకు మొదట్లో చిగురు వచ్చే చిన్న బుడిపె. అప్పుడప్పుడు ఆ అడవి వేరు అంటు కింద నుంచి తన సొంత కొమ్మ ఒకటి పైకి తోస్తుంది. ఎర్రగా, బలంగా, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. వదిలేశామో, చెట్టు తిండంతా అదే మింగేసి పైనున్న మంచి జాతిని చంపేస్తుంది. మా ఇంట్లో దాన్ని దొంగకొమ్మ అంటాం. కనిపించగానే కోసేయాలి. అందుకు నేను ఆలోచించను కూడా, నా చెయ్యే కోసేస్తుంది.

ఇక మా తోటికోడలి సంగతి. ఆమె చేతిగడియారాలు బాగుచేస్తుంది. వీధి మొదట్లో, మెట్ల కింద, ఒక మనిషి కూర్చుంటే ఇంకో మనిషి నిలబడాల్సినంత కొట్టు. ఈ ఇంటికి వచ్చిన రెండో ఏడు నన్నడిగి ఒక కుండీ తీసుకుంది. తీసుకుని ఏం చేసింది? మర్నాడు విచ్చుకోబోయే మొగ్గ రేకులన్నీ ఒలిచేసింది. కంటికి భూతద్దం బిగించుకుని, గడియారం ముల్లు తీసే పట్టకారుతో లోపలి పుప్పొడి తిత్తులను ఒక్కొక్కటే పీకేసింది.

"ఏం పాపం చేసిందమ్మా ఆ పువ్వు?" అన్నాను.

"వేరే గులాబీ పుప్పొడి దీనికి అద్దుతానక్కా. కాయ కాసి, గింజ మొలిస్తే, ఇంకెక్కడా లేని గులాబీ వస్తుంది."

"వస్తే?"

"వస్తే మనదే కదా!"

ఆ మాట నాకు వినపడనట్టు నటించి కిందికి దిగిపోయాను. నా పువ్వును పాడుచేసి మనదే అంటుందా అని కోపం.

కాయ పండడానికి నాలుగు నెలలు పట్టింది. పదకొండు గింజలొచ్చాయి. వాటిని తడిగుడ్డలో చుట్టి, డబ్బీలో పెట్టి, ఫ్రిజ్‌లో గుడ్ల అరలో రెండు నెలలుంచింది. మా అత్తగారు ఫ్రిజ్ తలుపు తీసినప్పుడల్లా "ఇంకా పొదగలేదుటే?" అని అడిగేవారు. మూడు మొలిచాయి, రెండు పోయాయి. మిగిలిన ఒక్కటి రెండో ఏట పూసింది. రేకు లోపలి వైపు ఇటుక రంగు, వెనక వైపు మీగడ రంగు. ముప్ఫై ఏళ్లలో నేను అలాంటి పువ్వు చూడలేదు. ఆమెతో మాత్రం "బాగానే ఉంది" అని ఊరుకున్నాను.

ప్రపంచం మొత్తానికి ఆ జాతి చెట్టు అదొక్కటే. దానికున్నది పుల్లలాంటి ఒక్క కాండం. కన్ను తీసి అంటు కడదామన్నా అందులో పస లేదు. పైగా ఆ వేసవిలో అది చివర నుంచి నల్లబడుతూ కిందికి దిగుతోంది. సరిగ్గా అప్పుడే మా తోటికోడలు చెల్లెలి కాన్పుకని ఐదు రోజులు ఊరెళ్లాల్సి వచ్చింది.

"దానికి నీళ్లు నువ్వే పొయ్యి అక్కా. ఇంకెవరినీ ముట్టుకోనివ్వకు" అని మరీ మరీ చెప్పి వెళ్లింది. అంతకుమించి చెప్పలేదు. గులాబీల గురించి నాకు చెప్పడం ఏమిటని చెప్పలేదట!

మూడో రోజు నీళ్లు పోస్తుంటే కనిపించింది. మట్టిలోంచి జానెడు కొమ్మ, ఎర్రగా, నిగనిగలాడుతూ. కత్తెర ఎప్పుడు తీశానో నాకే తెలియదు. కోసి, దొంగను పట్టుకున్న గొప్ప ఆమెకు చూపించాలని గ్లాసులో నీళ్లు పోసి, కొమ్మను అందులో నిలబెట్టి వంటింటి కిటికీలో పెట్టాను. నేను చూడబట్టి సరిపోయింది గానీ లేకపోతే ఆ చెట్టు గతేమయ్యేదని మా అత్తగారికి రెండుసార్లు, పక్కింటావిడకు ఒకసారి చెప్పాను.

ఐదో రోజు మా తోటికోడలు సంచీ కింద పెట్టకుండానే డాబా ఎక్కింది. కుండీ ముందు కూర్చుంది. "దొంగకొమ్మ వస్తే కోసేశాను" అని నేను గొప్పగా చెప్పగానే, కోసిన చోటు వేలితో తడిమి చూసి అడిగింది.

"అక్కా, ఇది గింజ మొక్క కదా. దీనికి అంటు ఎక్కడుంది?"

అంటు లేని చెట్టుకు అడవి వేరు ఎక్కణ్ణుంచి వస్తుంది? వేరూ అదే, కొమ్మా అదే. ఆ చెట్టు బతకడానికి పంపిన కొమ్మను నేను దొంగని చేసి కోసేశాను. ముప్ఫై ఏళ్ల చెయ్యి!

అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. "పోనీలే అక్కా, మళ్లీ అద్దుతాను" అంది. అవే రెండు పువ్వులను వందసార్లు కలిపినా అదే రంగు రాదని ఇద్దరికీ తెలుసు. సిగ్గుతో నాకు తల తీసేసినట్టయింది.

కింద నుంచి అత్తగారి కేక వినపడింది. "పెద్దమ్మాయ్! ఈ కిటికీలో పుల్ల పారేసి గ్లాసు కడిగెయ్యనా?"

"ముట్టుకోకండి!" అని అరుస్తూ మెట్లు రెండేసి చొప్పున దిగాను.

కొమ్మ వాడలేదు. కింది సగం గట్టిపడి ఉంది, నాలుగు కళ్లు ఉబ్బి ఉన్నాయి. నా దగ్గర అంటు కట్టడానికి ఉంచిన అడవి గులాబీ కుండీలు నాలుగున్నాయి. వందల అంట్లు కట్టిన కత్తి తీశాను. కొమ్మ నుంచి కళ్లు చెక్కి, అడవి గులాబీల బెరడు చీల్చాను. ఆమె భూతద్దం పెట్టుకుని, పట్టకారుతో ఒక్కో కన్నునూ ఆ చీలికలోకి జార్చింది. నేను కట్టు బిగించాను.

కట్టు తడిస్తే కన్ను కుళ్లిపోతుంది, వేరు ఎండితే కన్ను ఎండిపోతుంది. అడుగున చిన్న చిల్లి పెట్టిన మగ్గుతో, కుండీ అంచు వెంబడి, మూడు వారాలు పొద్దునా సాయంత్రం నేనే నీళ్లు పోశాను. ఈలోగా తల్లిచెట్టు మొదలంటా నల్లబడిపోయింది. కట్లు విప్పితే రెండు కళ్లు ఎండిపోయి ఉన్నాయి, ఒకటి కుళ్లింది. నాలుగోది పచ్చగా ఉంది. డాబా మీద నేను ఏడ్చింది ఆ ఒక్కసారే, అదీ సంతోషంతో.

మరుసటి ఏడాది ఆ చెట్టు తొమ్మిది పువ్వులు పూసింది. పూల ప్రదర్శనలో కొత్త జాతుల వరుసకు దరఖాస్తు తెచ్చాం. పువ్వు పేరూ, దాని పుట్టుకా రాయాల్సిన చోట మా తోటికోడలి కలం ఆగింది.

"అసలు చెట్టు ఎండకి పోయిందని చెబుదాంలే అక్కా" అంది నెమ్మదిగా.

కలం లాక్కుని పేరు నేనే రాశాను. దొంగకొమ్మ.

"వద్దక్కా, అందరూ అడుగుతారు!"

"అడగనీ."

అడిగారు. కొత్త జాతిగా గుర్తింపు పత్రం ఇస్తున్న పెద్దాయన కళ్లజోడు పైకి తోసుకుని, "ఇంత మంచి పువ్వుకి ఇదేం పేరండీ?" అన్నారు. చుట్టూ మా వీధివాళ్లు సగం మంది ఉన్నారు. మా తోటికోడలు తల దించుకుంది.

"ముప్ఫై ఏళ్ల అనుభవమున్న ఒక మహాతల్లి దీన్ని దొంగకొమ్మ అనుకుని కోసేసిందండీ" అన్నాను.

"ఎవరావిడ?"

"నేనే. కోసింది నేను, పుట్టించింది మా తోటికోడలు" అని అందరికీ వినపడేలా చెప్పి, ఆమెను భుజం పట్టి ముందుకు తోశాను. నా జన్మలో నేను అంత గర్వంగా చెప్పుకున్న తప్పు ఇంకోటి లేదు.

ఆమె ముందుకు వెళ్తూ నా చెయ్యి వదల్లేదు. "మనదే అని చెప్పక్కా" అంది.

ఈసారి నాకు బాగా వినపడింది. "మాదేనండీ" అన్నాను ఆయనతో, "ఇద్దరిదీ."